ఉలవల ముందు ఉపన్యాసం

మా ఇంటి ముందు ఒక బండ ఉంది. ఏడాదిలో ఒక్క రోజు తప్ప మిగిలిన రోజులన్నీ దాని మీద మేకలు పడుకుంటాయి. ఆ ఒక్క రోజు మాత్రం దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, ట్రాక్టరు మీద ఊరి బయటి బీడుకు తీసుకుపోతారు. శివరాత్రి మర్నాడు మా ఊళ్ళో ఎద్దుల బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఆ బండను మా ముత్తాత ఇంటి ముందు పెద్ద గుమ్మం కట్టించాలని బేతంచెర్ల వైపు నుంచి తెప్పించాడు. గుమ్మం కట్టలేదు, బండ మిగిలింది. అందువల్ల పోటీలో మొదటి టెంకాయ కొట్టే హక్కు, తగాదా వస్తే తీర్పు చెప్పే హక్కు మా ఇంటివి. భూములు పోయాయి, మిద్దెలో సగం పోయింది. ఈ రెండు హక్కులు మాత్రం కొనడానికి ఎవరూ రానందువల్ల నా దాకా వచ్చాయి.

మా వంశం ఎలా చితికిందని అడిగేవాళ్ళకు నేను కరువు అని చెబుతాను. రాయలసీమలో ఆ మాట చెబితే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. నిజానికి కారణం మా తాత. రైలు మా పొలం గుండా పోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనే రైలుకు చెప్పాడు. స్టేషను ఎక్కడ వస్తుందో కూడా తానే నిర్ణయించి, దాని పక్కన వేరుశనగ మూటలు దించడానికి పెద్ద గిడ్డంగి కట్టించాడు. రైలు చాలా దూరం నుంచి పోయింది. గాలి అనుకూలంగా ఉంటే కూత వినపడుతుంది. గిడ్డంగిలో ఇప్పుడు ఎవరివో గొర్రెలు ఉంటున్నాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తన మీద తనకు అంతులేని నమ్మకం ఉన్న మనిషిని చూస్తే నేను గుర్తుపట్టగలను. మా ప్రెసిడెంటును నేను మొదట్లోనే గుర్తుపట్టాను.

ప్రెసిడెంటు అంటే సర్పంచి. మా వైపు అందరూ ప్రెసిడెంటు అనే అంటారు. వాళ్ళ నాయన మా ఇంట్లో ఎద్దులు చూసుకునేవాడు, మా నాయనను 'సామీ' అనేవాడు. ఈయన చిన్నప్పుడు నన్ను 'అయ్యా' అన్నాడు. ఆటోకు మైకు కట్టుకుని ఊరూరా చాటింపు వేసే పనిలో కుదిరాక 'అన్నా' అన్నాడు. ప్రెసిడెంటు అయిన మర్నాడు, "ఏమప్పా, బాగుండావా?" అన్నాడు. నేను బాగున్నానని చెప్పాను. లోపలికి వచ్చి ఒక గంట వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను.

ఆయన ఎదిగిన తీరు చెప్పాలి. ఒక ఎండాకాలం మా ఊరికి నీళ్ళ ట్యాంకరు రావడం ఆగిపోయింది. ఆడవాళ్ళు ఖాళీ బిందెలు రోడ్డుకు అడ్డంగా పెట్టి కూర్చున్నారు. ఈయన అప్పటికి ఉల్లిగడ్డలు, దుప్పట్లు, తప్పిపోయిన గొర్రెలు, చనిపోయిన మనుషులు, అన్నింటి గురించీ ఒకే గొంతుతో చాటింపు వేసే మనిషి. ఆటో ఆపి, ఎవరూ అడక్కుండానే మైకు అందుకున్నాడు.

"అక్కల్లారా, లెయ్యండి. రేపు పొద్దు పుట్టేలోపల నీళ్ళొస్తాయి. నేను చెప్తాండా."

ఎవరితో మాట్లాడాడు, ఎవరు మాట ఇచ్చారు అని ఎవరూ అడగలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. తెల్లవారుజామున ఇంకో ఊరికి పోయే ట్యాంకరుకు మా ఊరి మలుపులో ఇరుసు విరిగింది. ఇరుసు మార్చాలంటే బరువు తగ్గాలి, బరువు తగ్గాలంటే నీళ్ళు వదలాలి. పొద్దు పుట్టేసరికి ఊళ్ళో ప్రతి బిందె నిండింది. ఈయన ట్యాంకరు పైకెక్కి మైకు పట్టుకుని వరస తప్పకుండా రమ్మని ఆడవాళ్ళకు చెబుతున్నాడు.

తర్వాత ఒకరోజు నేను అడిగాను. "నీళ్ళొస్తాయని నీకెట్ల తెలిసింది?"

"తెలిసేదేందన్నా? నేను చెప్తి, అవి వచ్చె," అన్నాడు.

అబద్ధం ఆడేవాడి కళ్ళలో ఎక్కడో ఒక చిన్న బెదురు ఉంటుంది. ఈయన కళ్ళు మజ్జిగ మీది తేటలా ఉన్నాయి. ఇరుసు తన మాట విని విరిగిందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. అలాంటి మనిషిని ఓడించడం కష్టం.

మా చిన్నాన్న ఓడిపోయాక ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసింది. ప్రెసిడెంటు ఎన్నికలో ఈయన మీద నిలబడింది మా చిన్నాన్నే. ఓట్లు అడగడం మా వంశంలో లేదు కాబట్టి ఆయన అరుగు దిగలేదు. ఓట్లు నడుచుకుంటూ వచ్చి తన ముందు చేతులు కట్టుకుని నిలబడతాయనుకున్నాడు. ఈయన కూడా ఓట్లు అడగలేదు. పోలింగుకు రెండు రోజుల ముందు ఆటో ఎక్కి, నన్ను గెలిపించినందుకు మీకందరికీ దండాలు అని వీధివీధికీ చాటింపు వేశాడు. ముందే దండం పెట్టేసిన మనిషికి ఓటు వేయకపోతే బాకీ పడ్డట్టు ఉంటుందని జనం గుద్దేశారు.

ఆయన పనిచేయలేదని నేను అనను. సిమెంటు రోడ్డు వేయించాడు, వీధిదీపాలు పెట్టించాడు. ఏ ఆఫీసుకు పోయినా ఎదుటివాళ్ళు నోరు తెరిచే సందు లేకుండా మాట్లాడేవాడు కాబట్టి, ఆయన బయటికి పోవడానికైనా సంతకం పెట్టేవాళ్ళని చెప్పుకునేవారు. ఆ సంతకాలు చూసి ఆయనకు ఊరు చిన్నదైపోయింది. జిల్లా పరిషత్తులో కూర్చోవాలనుకున్నాడు. జడ్పీటీసీ టికెట్టు తనకే అని ఊరంతా చెప్పాడు. టికెట్టు ఇవ్వాల్సిన పార్టీ పెద్దకు మాత్రం ఇంకా చెప్పలేదు.

ఆ పెద్దమనిషికి ఎద్దులంటే ప్రాణం. అందుకని ఈయన ఒంగోలు జాతి జత ఒకటి తెచ్చాడు. తెల్లగా, ఏనుగు పిల్లల్లా ఉండేవి. వాటిని తోలడానికి మైదుకూరు వైపు నుంచి ఒక తోలేవాణ్ణి పిలిపించాడు. నల్లద్దాలు పెట్టుకుని, రెండు చేతులకూ వెండి కడియాలు వేసుకుని, తాను అరిస్తే కొండైనా కదులుతుందని చెప్పుకునే మనిషి. ఇద్దరూ ఒకరికొకరు సరిపోయారు.

ఒక సాయంత్రం మా వీధి మురికి కాలువ సంగతి మాట్లాడదామని వాళ్ళ ఇంటికి పోయాను. కొట్టం నుంచి ఉపన్యాసం వినపడింది. తొంగి చూశాను. ఉడకబెట్టిన ఉలవల తొట్టి ముందు ఎద్దులు రెండూ తల వంచి తింటున్నాయి. వాటి ఎదురుగా ప్రెసిడెంటు ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి గాలిలో పెట్టి నిలబడ్డాడు.

"సోదర సోదరీమణులారా! ఈ సీమకు నీళ్ళు గావాల! నీళ్ళు తెచ్చే మొగోడు గావాల!"

ఎద్దులు నములుతూ తలలు ఊపాయి. ఆయన తృప్తిగా ఇంకో రెండు చేటల ఉలవలు పోశాడు.

వాకిట్లో బియ్యం ఏరుతున్న ఆయన భార్య నన్ను చూసి నవ్వింది. "రోజూ ఇంతేన్నా. మాటాడినంతసేపూ పోస్తాడు, పోసినంతసేపూ మాటాడ్తాడు. ఆయప్పకి అడ్డం జెప్పనోళ్ళు ఊర్లో ఈ రెండే."

"ఎద్దులకు అర్థమవుతాందంటావా?"

"ఎందుక్కాదన్నా? సోదరులారా అనంగానే లేసి నిలబడ్తాయి. మా పిల్లోళ్ళకే ఆ మర్యాద ల్యాదు."

కాలువ సంగతి మాట్లాడకుండానే తిరిగి వచ్చాను. వచ్చే దారిలో నాకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు వెనక ఇంకేదైనా ఆలోచించి ఉండాల్సింది. నేను ఆలోచించలేదు, ఊళ్ళో ఎవరూ ఆలోచించలేదు.

పోటీ రోజు వచ్చింది. బీడులో పొడుగ్గా బరి గీశారు. బండకు మోకు కట్టి, ఇచ్చిన సమయంలో ఎద్దులు దాన్ని బరిలో అటూ ఇటూ ఎంత దూరం లాగితే అంత గొప్ప. బరికి పక్కగా, నడిమధ్యలో వేదిక కట్టారు. షామియానా కింద పార్టీ పెద్ద కూర్చున్నాడు. ఆయన జేబులో బీ-ఫారం ఉందని, ఎద్దులు గెలవగానే వేదిక మీదే ఇస్తాడని ప్రెసిడెంటు పొద్దుటి నుంచి మైకులో చెబుతూనే ఉన్నాడు. పెద్దమనిషి కాదనలేదు. పూలదండ సర్దుకుని నవ్వాడు. సీటు మీద ప్రెసిడెంటు పెట్టుకున్న ఆశ అంతా ఆ జత మీదే ఉంది. అది ఊరంతటికీ తెలుసు.

నేను ఇంటి నుంచి తెప్పించుకున్న కొయ్యకుర్చీలో కూర్చున్నాను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పడం మా ఇంట్లో లేదు. టెంకాయ ఒక్క దెబ్బకే పగిలింది.

మా పోటీల్లో మైకు ప్రెసిడెంటుదే. ఎవరి ఎద్దులు దిగినా వ్యాఖ్యానం ఆయనే చెబుతాడు. తన ఎద్దులు దిగేటప్పుడైనా మైకు ఇంకొకరికి ఇవ్వాలని తోలేవాడు అడిగాడు.

"అన్నా, నా జత దిగినప్పుడు నువ్వు మైకు ముట్టొద్దు. నా అరుపు ఎవరికీ ఇనపడదు. వీడియో తీస్తాండారు, రేపు ఫోన్లలో జనం చూస్తారు."

"నీ అరుపు ఎవరికి గావాలప్పా? ఆ ఎద్దులు నా గొంతుకి పెరిగినాయి. నేను మాటాడితే పర్వతాన్ని పెరికేస్తాయి."

"ఒక్క పావుగంట నోరు మూసుకుంటే నీ సొమ్మేం బోతాది?"

"సరే పో, మూసుకుంటా," అన్నాడు ప్రెసిడెంటు. ఆ మాట కూడా మైకులోనే అన్నాడు.

విజిల్ మోగింది. తోలేవాడు కేక పెట్టాడు. ఎద్దులు మెడలు వంచి కాడిని ముందుకు తోశాయి. బండ కదిలింది, దుమ్ము లేచింది. ఒక్క ఊపులో బరి ఆ చివరికి పోయి, తిరిగి సగం దాకా వచ్చాయి. అంతకుముందు దిగిన ఏ జతా అంత సులభంగా లాగలేదు. జనం ఈలలు వేశారు. పార్టీ పెద్ద కుర్చీ అంచుకు జరిగాడు. ఆ ఊపు ఇంకొంచెం సేపు సాగి ఉంటే మా ఊరి మనిషి ఇప్పుడు జడ్పీలో ఉండేవాడు.

కానీ అన్ని వేలమంది అరుస్తున్నప్పుడు మైకు చేతిలో పెట్టుకుని ఊరకుండడం ఆయన వల్ల అయ్యే పని కాదు. లేచి నిలబడ్డాడు. ఒక చెయ్యి నడుం మీద పెట్టాడు.

"సోదర సోదరీమణులారా!"

ఎద్దులు ఆగాయి. నాలుగు చెవులూ ఒకేసారి లేచాయి.

"ఈ సీమకు నీళ్ళు గావాల!"

రెండూ కలిసి తలలు వేదిక వైపు తిప్పాయి. తోలేవాడు ములుగర్ర ఎత్తాడు, తోకలు మెలిపెట్టాడు, వాళ్ళ మైదుకూరు కేకలన్నీ పెట్టాడు. ఎద్దులు అతన్ని ఈగను చూసినట్టు కూడా చూడలేదు. బరికి గీసిన సున్నపు గీత దాటి, బండను ఈడ్చుకుంటూ, అడ్డంగా, తిన్నగా వేదిక వైపు నడవసాగాయి. ఉలవలు ఎక్కడున్నాయో వాటికి తెలుసు. మాట వచ్చే చోటే ఉంటాయి.

అప్పుడైనా ఆయన నోరు మూసి ఉంటే అవి ఆగేవి. కానీ తన వైపు వస్తున్న ఎద్దులను చూసి ఆయన గొంతు గద్గదమైంది.

"చూడండి! నోరు ల్యాని జీవాలు! నాయకుడెవరో వాటికి తెలుసు! యాడికొస్తాండాయో చూడండి!"

"మైకు బంద్ జెయ్యప్పా!" అని నేను అరిచాను. నాతోపాటు ఊరంతా అరిచింది. జేజేలు కొడుతున్నారనుకుని ఆయన గొంతు ఇంకా పెంచాడు.

మైకుసెట్టు యజమాని మా ఊరి సాయిబే. ఆయన స్పీకరు డబ్బాలను కావలించుకుని, "ప్రెసిడెంటుగారూ, మీ కాళ్ళు మొక్కుతా, నా సామాన్లు కొత్తవి! చాలించండి!" అంటున్నాడు. జనరేటరు దగ్గరికి పరుగెత్తే తెలివి ఎవరికైనా వచ్చేసరికి ఎద్దులు వేదిక చేరాయి. బండ మూల షామియానా తాడుకు తగులుకుంది. గుంజ ఒరిగింది. ఎర్రరంగు, పచ్చరంగు గుడ్డ మెల్లగా, చాలా మర్యాదగా, పార్టీ పెద్ద మీదికి దిగింది.

గుడ్డ కింద నుంచి చాలాసేపు మాటలు వినపడ్డాయి. అవి ఇక్కడ రాయదగినవి కావు. గుడ్డ తీసేసరికి ఒక ఎద్దు ఆయన మెడలోని దండను కింద నుంచి తినుకుంటూ గడ్డం దాకా వచ్చింది. రెండోది ప్రెసిడెంటు చేతిలోని మైకును ఆప్యాయంగా నాకుతోంది. స్పీకర్లలో ఆ చప్పుడు ఊరంతా మోగింది.

ఇంకెవరైనా అయితే ఆ గుడ్డలోనే దూరి దాక్కునేవారు. ఆయన దుమ్ము దులుపుకుని టేపు తెమ్మన్నాడు.

"కొలవండి! గీత కాణ్ణించి ఈడిదాకా కొలవండి. బండ శానా దూరం లాగినాయి. మెట్ట మీదికి లాగినాయి. గెలుపు మాదే!"

"బరి దాటినాయి కదప్పా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"బరిలోనే లాగాలని యాడుండాది? బండ లాగాలని ఉండాది, లాగినాయి. తీర్పు జెప్పే ఇల్లుండాది కదా, అడగండి!"

అందరూ నా వైపు తిరిగారు. మా నాయన కాలంలో గానీ, నా కాలంలో గానీ ఆ బండ దగ్గర తగాదా రాలేదు. తీర్పు చెప్పే హక్కును నేను ఎన్నాళ్ళనుంచో ఇస్త్రీ చేసి పెట్టుకున్న చొక్కాలా దాచుకున్నాను. లేచి నిలబడ్డాను. పార్టీ పెద్ద చెవిలో బంతిరేకు ఒకటి ఇరుక్కుని ఉంది. ఆయన కూడా నా మాట కోసం చూస్తున్నాడు. ప్రెసిడెంటు ముఖంలో నేను ఏం చెబుతానో అన్న బెంగ రవ్వంత కూడా లేదు.

"ఈ జత లాగినంత బలంగా ఇవాళ ఏ జతా లాగలేదు. కానీ బరి దాటిన లాగుడు లెక్కలోకి రాదు," అన్నాను.

జనం చప్పట్లు కొట్టారు. పార్టీ పెద్ద తిన్నగా పోయి కారెక్కాడు. ఆయన జేబు మీదికి చెయ్యి పోవడం మాత్రం నేను చూశాను.

వారం తిరక్కముందే టికెట్టు ఎరువుల దుకాణం నడిపే పక్కూరి మనిషికి ఇచ్చారు. ఆయన గొంతు ఎలా ఉంటుందో ఈ మండలంలో ఎవరికీ తెలియదు. తోలేవాడు కడియాలతో సహా మైదుకూరు పోయాడు. ఎద్దులను జమ్మలమడుగు వైపు రైతు ఒకాయన కొనుక్కుపోయాడు. అవి అక్కడ బాగా లాగుతున్నాయట. సభా కార్యక్రమం పెట్టిన చోటికి మాత్రం తోలుకుపోరట.

ఇంతటితో మనిషి చల్లబడతాడనుకున్నాను. ఒక పొద్దున కాగితాలతో మా ఇంటికి వచ్చాడు. స్వతంత్రంగా నిలబడుతున్నాడని, తన పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టమని నన్ను అడగబోతున్నాడని ముందురోజే తెలిసింది. నేను రాత్రంతా కూర్చుని జవాబు తయారు చేసుకున్నాను. మర్యాదగా, పొడిగా, ఒక్క వాక్యంలో కాదనాలి. నా తీర్పు వల్ల ఓడిన మనిషికి నేనే సంతకం పెడితే ఆ తీర్పుకు విలువేముంటుంది?

ఆయన కూర్చుని మంచినీళ్ళు తాగాడు. "ఏమప్పా, నేను అడగను రాల్యా. శాలువా యా రంగుది గావాలో కనుక్కుందామని వచ్చినా. గెలిచినాక మొదటి శాలువా నీదే."

"గెలిచినాక కదా," అన్నాను.

"అది అయిపోయిన పని. ఆ పొద్దు నువ్వు న్యాయంగా జెప్పినావు. శానా మంది మెచ్చుకున్నారు. అట్లాంటి ఇంటి సంతకం ల్యాకుండా నామినేషనేస్తే అది నామినేషనంటారా? మీ తాత సంతకం జూసి కలెక్టరు లేసి నిలబడేవాడంట కదా."

మా తాత సంతకం చూసి ఏ కలెక్టరూ లేచి నిలబడినట్టు నేను వినలేదు. అయినా అతని నోట ఆ మాట వినగానే ఆ కలెక్టరు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు నాకు వినపడింది. పెన్ను తెప్పించాను. మా తాత పెట్టే పద్ధతిలో, చివర పెద్ద సున్నా చుట్టి సంతకం పెట్టాను. నామినేషను ఎవరు వేసినట్టో చూసేవాళ్ళకు అనుమానం వచ్చేంత పెద్దగా పడింది.

ఆయన పోయాక నా భార్య గడప దగ్గరికి వచ్చింది. "రైలెక్కినారా?" అని మాత్రం అడిగి లోపలికి పోయింది.

ఎరువుల దుకాణం ఆయన గెలిచాడు. మావాడి ఓట్లు చదవడానికి పేరు చదివినంత సేపు కూడా పట్టలేదు. ఈ కబురు నాకు ఫోనులో మధ్యాహ్నమే వచ్చింది. నేను తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాను. ఊళ్ళో మొహం చూపించడం ఎలాగా అన్న ఆలోచనలో ఉన్నాను.

సాయంత్రం ఆలూరు రోడ్డు వైపు నుంచి డప్పులు వినపడ్డాయి. దండలు, టపాసులు, డప్పులవాళ్ళు, అన్నీ ప్రెసిడెంటు వారం ముందే మాట్లాడిపెట్టాడు కాబట్టి వృథా చేయలేదు. ట్రాక్టరు మీద నిలబడి, మెడ నిండా బంతిపూల దండలతో, మైకు పట్టుకుని ఊళ్ళోకి వస్తున్నాడు. "నాకు ఓటేసినోళ్ళకు దండాలు! ఎయ్యనోళ్ళకు ఇంకో తూరికి ముందే దండాలు!" జనం మొదట నవ్వారు. తర్వాత డప్పు బాగుందని కుర్రవాళ్ళు ఆడారు. తర్వాత ఆడవాళ్ళు హారతి కూడా ఇచ్చారు. ఎందుకిస్తున్నారో వాళ్ళకే తెలియదు.

ట్రాక్టరు మా వాకిలి ముందు ఆగింది. నేను తలుపు తీయక తప్పలేదు. ఆయన దిగి వచ్చి, తన మెడలో అన్నిటికన్నా లావుగా ఉన్న దండ తీసి నా మెడలో వేశాడు.

"ఓడిపోయినావంట కదప్పా," అన్నాను మెల్లగా.

"ఎవురు జెప్పినారు?" అన్నాడు. "అన్ని ఊర్లలోనూ లెక్కబెట్టినారు. మనూర్లో ఒక్కచోట లెక్కబెట్టి జూడమను." మా ఊళ్ళోనే తక్కువ పడ్డాయని నాకు తెలుసు. చెప్పబోయాను. డప్పుల్లో ఆ మాట ఆయనకు వినపడేది కాదు.

ఊరేగింపు ముందుకు పోయింది. నేను వీపు నిటారుగా పెట్టి, ఎవరైనా ఇటు చూస్తున్నారేమోనని గుమ్మంలోనే నిలబడ్డాను. ఇద్దరు ముగ్గురు దండం పెట్టారు. నేను తల ఊపాను.

వెనక నుంచి నా భార్య అంది. "అది తీసి ఎనుముకన్నా పెట్టండి, కడుపు నిండుతాది."

"కాసేపు ఉండనీలే," అన్నాను.